సెల్‌ఫోను నంబరును కాపాడుకొనుట

మిరప కల్లమునకు కాపలా లేక నిద్రించు రైతు మన చీమకుర్తి ప్రాంతమున కానరాడు. కాయ ఎండుచున్నన్ని దినములు మంచము కల్లము ప్రక్కనే వేసికొనును. బస్తాలు గుంటూరు యార్డునకు చేరువరకు అతనికి కంటిమీద కునుకుండదు. ప్రత్తి ఇంట పోసిన రైతు నిప్పును ఆ దరికి రానీయడు. సరకును ఇంత జాగ్రత్తతో కాపాడు మనము, ఆ సరకు అమ్మగా వచ్చిన సొమ్మును ఎట్లు కాపాడుచున్నామో ఒకింత విచారింపవలసియున్నది. పూర్వము ఆ సొమ్ము మొలమూటలో నుండెడిది. నేడు అది బ్యాంకు ఖాతాలో నున్నది. ఆ ఖాతాకు తాళపుచెవి మన జేబులోని సెల్‌ఫోను నంబరు. ఈ తాళపుచెవి రెండు విధముల చేజారును: మన అశ్రద్ధవలన ఒకటి, దొంగ ఎత్తువలన రెండవది. ఈ రెంటిని గూర్చియు సభ్యులకు విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నంబరు తాళపుచెవి యెట్లయినదో ముందుగా చెప్పుదుము. ఖాతానుండి సొమ్ము కదలవలెనన్న, బ్యాంకువారు ఓటీపీ అను కొన్ని అంకెల గుర్తును ఆ ఖాతాకు జతచేసిన నంబరునకు పంపుదురు. ఆ అంకెలు చెప్పగలిగినవాడే ఖాతాదారుడని యంత్రము నమ్మును. అతని ముఖమును అది చూడదు. పీయం కిసాన్ క్రింద ఏటా వచ్చు 6,000 రూపాయలకై ఈకేవైసీ చేయించుకొనుటకు ఓటీపీ యొక మార్గము. 2025 ఆగస్టు 2వ తేదీన మన దర్శి ప్రాంతమందలి తూర్పు వీరాయపాలెమున ముఖ్యమంత్రిగారు ప్రారంభించిన అన్నదాత సుఖీభవ సొమ్మును రైతుల ఖాతాలలోనికే వచ్చినది. అదే మాసమున కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారు, మద్దతు ధరకు ప్రత్తి అమ్మదలచిన రైతుల పేర్లు నమోదు చేయుటకై కపాస్ కిసాన్ అను యాప్‌ను తెచ్చిరి. అందును సెల్‌ఫోను నంబరు కావలెను. కావున నంబరు పోయినచో మాటలాడు సాధనము మాత్రమే పోయినట్లు కాదు.

మా యింటనే జరిగిన సంగతి యొకటి దాచక చెప్పుదుము. మా తల్లిగారి ఖాతాకు ఒక పాత నంబరును జతచేసియుంటిమి. ఆమె ఫోనులో మాటలాడుట తక్కువ. ప్రతి 28 దినములకు రీచార్జి చేయించుట వృథా వ్యయమని తలచి మానివేసితిమి. ఊరూర తిరిగి ఎరువు లెక్క, విత్తనపు లెక్క వ్రాసికొనుడని రైతులకు బోధించు మాకు ఈ లెక్క తోపలేదు. చాల మాసముల పిమ్మట ఆమె ఖాతా పనిమీద బ్యాంకునకు పోగా, సందేశములన్నియు ఆ పాత నంబరునకే పోవుచున్నవని తెలిసినది. ఆ నంబరునకు ఫోను చేసితిమి. ఎవరో యువకుడు, “ఎవరండీ మాట్లాడేది?” అని పలికెను. ఆ నంబరును కంపెనీవారు అతనికి క్రొత్తగా ఇచ్చిరట. “మీ అమ్మగారి బ్యాంకు మెసేజీలు నాకే వస్తున్నాయండీ. ఎవరితో చెప్పాలో తెలియక ఊరుకున్నాను,” అనెను. అతడు మర్యాదస్థుడు గావున సొమ్ము నిలిచినది. మా తెలివివలన నిలువలేదు. ఆ దినమే బ్యాంకులో నంబరు మార్పించితిమి.

ఇందు ఎవరి మోసమును లేదు. ట్రాయి అనబడు టెలికాం నియంత్రణ సంస్థవారు 2013లో చేసిన నిబంధన ననుసరించి, 90 దినములు ఏ వాడుకయు లేని ప్రీపెయిడు నంబరును కంపెనీ తీసివేయవచ్చును. అందు 20 రూపాయలు నిలువయున్నచో, ఆ పైకము మినహాయించుకొని మరి 30 దినములు నంబరును నిలుపవలెను. తీసివేసిన నంబరును 90 దినముల వరకు మరియొకరికి ఇయ్యరనియు, ఆ పిమ్మట ఇయ్యవచ్చుననియు 2023లో సుప్రీముకోర్టు ఎదుట ట్రాయివారు తెల్పిరి. అనగా మనము విడిచిన నంబరు బీడుగా పడియుండదు. మరియొకరి సాగులోనికి పోవును. మన ఖాతా మాత్రము దానికి జతగానే యుండును.

కావున మొదటి కర్తవ్యము, తక్కువ వ్యయముతో నంబరును బ్రదికించుకొనుట. 28 దినముల రీచార్జి చేయువారు ఏడాదికి 12 మారులు చెల్లించుచున్నామని తలతురు. నిజమునకు 13 మారులు చెల్లింతురు. ఈ చిక్కును తలచియే 2022 జనవరిలో ట్రాయివారు, ప్రతి కంపెనీయు 30 దినముల ప్లాను ఒకటియు, నెలనెల అదే తేదీకి మరల చేసికొనదగిన ప్లాను ఒకటియు ఉంచవలెనని శాసించిరి. 2024 డిసెంబరులో మరియొక మేలు చేసిరి. ఇంటర్నెట్టు వాడనివారికై మాటలకును ఎస్సెమ్మెస్సులకును మాత్రమే పనికివచ్చు ప్రత్యేక రీచార్జిని కంపెనీలు ఇయ్యవలెననియు, దాని గడువు 365 దినముల వరకు ఉండవచ్చుననియు నిర్ణయించిరి. అంతట 2025 జనవరిలో ఎయిర్‌టెల్‌వారు 84 దినములకు 469 రూపాయలు, ఏడాదికి 1,849 రూపాయలుగాను, జియోవారు 84 దినములకు 448 రూపాయలు, 336 దినములకు 1,748 రూపాయలుగాను ఇట్టి ప్లానులను పెట్టిరి. 1,849 రూపాయలను 365 దినములకు పంచినచో దినమునకు అయిదు రూపాయల పైచిల్లర మాత్రమే పడును.

ధరలు మారుచుండును గావున, రీచార్జి చేయించునపుడు “ఇంటర్నెట్టు లేని మాటల ప్లాను ఏది? ఎన్ని దినములు?” అని సభ్యులు అడిగి, దినమునకు ఎంత పడునో లెక్కకట్టి తీసికొనవలెను. రైతు రాబడి నెలనెల వచ్చునది కాదు. మిరప అమ్మిన మాసముననో, ప్రత్తి అమ్మిన మాసముననో ఏడాది రీచార్జి ఒక్కమారే చేయించినచో తక్కిన మాసములలో ఆ చింత యుండదు. ఇంట వృద్ధుల పేర నున్న నంబరులకు ఈ పద్ధతి మిక్కిలి అనుకూలము.

ఇక దొంగ ఎత్తును గూర్చి. వీడు గోడకు కన్నము వేయడు. మన ఫోనును ముట్టనైన ముట్టడు. మొదట మన పేరు, నంబరు, ఆధారు నకలు సంపాదించును. తరువాత మనవలె నటించి, “ఫోను పోయినది, అదే నంబరునకు వేరొక సిమ్ము కావలెను,” అని అడుగును. ఆ రెండవ సిమ్ము ప్రాణము పోసికొనినంతనే మన చేతిలోని సిమ్ము చచ్చును. అప్పటినుండి ఓటీపీలు వానికే చేరును. కొందరు కాగితములతో పనిలేక మన నోటనే మోసగింతురు. కంపెనీవారమని ఫోను చేసి, “మీ సిమ్మును ఈసిమ్ముగా మార్చెదము, మీకు వచ్చిన అంకెలు చెప్పుడు,” అందురు. మరికొందరు ట్రాయివారమని చెప్పి, “మీ నంబరు రెండు గంటలలో నిలిచిపోవును, 9 నొక్కుడు,” అని బెదరింతురు. ట్రాయివారు ఎవరికిని ఇట్లు ఫోను చేయరు.

రైతుల కాగితములకును ఈ మోసములకును సంబంధమేమని కొందరు అడుగుదురు. 2018 జూనులో హైదరాబాదు పోలీసులు పట్టుకొనిన వ్యవహారమును వినుడు. తెలంగాణములో సిముల వ్యాపారి యొకడు, భూముల రిజిస్ట్రేషను దస్తావేజులలోని వ్రేలిముద్రలను ఇంటర్నెట్టునుండి తీసికొని, వానిని రబ్బరుపై అచ్చుగా చేయించి, ఆ ముద్రలతో వేలకొలది సిములను పరులపేర చెల్లించినాడని పోలీసులు తెల్పిరి. పొలము కొన్నప్పుడు మనము వేసిన వ్రేలిముద్రయే మన పేర తెలియని సిమ్మును పుట్టించెనన్నమాట. కావున దస్తావేజుల నకలును గాని, ఆధారు నకలును గాని జిరాక్సు దుకాణమున వదలి రారాదు. ఇయ్యవలసివచ్చినచో, ఏ పనికై ఇచ్చితిమో దానిపై అడ్డముగా వ్రాసి తేదీ వేసి ఇయ్యవలెను.

ప్రభుత్వమువారు కొన్ని కట్టుదిట్టములు చేసియున్నారు. సిమ్ము మార్చిన పిమ్మట 24 గంటలవరకు ఆ నంబరునకు ఎస్సెమ్మెస్సులు నిలుపవలెనని 2022లో టెలికాం శాఖవారు ఉత్తరువిచ్చిరి. సిమ్ము మారిన 7 దినములలోపల నంబరును వేరొక కంపెనీకి మార్చరాదను నిబంధన 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. తన పేర ఎన్ని సిములున్నవో ఎవరికి వారు చూచుకొను సౌకర్యము 2021లో మొదట మన ఆంధ్రప్రదేశమునకును తెలంగాణమునకును కలిగినది. 2023 మేనుండి అది దేశమంతటికి సంచార్ సాథీ అను పేర నడచుచున్నది. అందు మన నంబరు వేసి, వచ్చిన ఓటీపీ చెప్పినచో, మన పేరనున్న నంబరులు కానవచ్చును. మనవి కానివానిని “నావి కావు” అని తెల్పవచ్చును. మన రాష్ట్రమున ఒక్కరి పేర తొమ్మిదింటికన్న ఎక్కువ సిములుండరాదు. ఇతరుల పేర మోసముతో సిమ్ము తీసికొనువానికి 2023 టెలికాం చట్టము మూడు సంవత్సరముల వరకు కారాగారమో, 50 లక్షల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధించుచున్నది.

అయినను ఆ 24 గంటలును మనము మేలుకొనియున్నపుడే మనకు ఉపకరించును. మన పల్లెలలో సిగ్నలు పోవుట పరిపాటి. కరెంటు పోయిన టవరును పోవును. “మరల వచ్చునులే,” అని ఫోనును ప్రక్కన పెట్టుదుము. దొంగకు కావలసినది ఆ నిర్లక్ష్యమే. కనుక సిగ్నలు పోయినపుడు, అదే కంపెనీ సిమ్మున్న పొరుగువారి ఫోనును చూడవలెను. వారిది పలుకుచు మనది పలుకనిచో, మనదానిని ఒకమారు ఆర్పి వెలిగింపవలెను. అప్పటికిని రానిచో, పొరుగువారి ఫోనునుండియే 198కి పలికి, “నా నంబరునకు వేరొక సిమ్ము ఇచ్చిరా?” అని విచారింపవలెను. ఇచ్చియున్నచో దానిని ఆపుమని చెప్పి, వెంటనే బ్యాంకునకు తెలిపి ఖాతాను నిలుపుదల చేయింపవలెను. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయవలెను.

బ్యాంకునకు ఎంత త్వరగా తెల్పుదుమో అంత మేలు. 2017 జూలైలో రిజర్వుబ్యాంకువారు చేసిన నిర్ణయము ప్రకారము, తప్పు ఖాతాదారునిది గాని బ్యాంకుది గాని కాక మూడవవానిది అయినపుడు, బ్యాంకునుండి సమాచారమందిన మూడు పనిదినములలో తెల్పినచో ఖాతాదారునికి నష్టము లేదు. నాలుగునుండి ఏడు దినములలో తెల్పినచో నష్టము కొంతమేరకే. అదే సంవత్సరము డిసెంబరులో సహకార బ్యాంకులకును ఇట్టి నిబంధన చేసిరి. అయితే ఓటీపీని గాని, పిన్నును గాని మనమే చెప్పియున్నచో, బ్యాంకునకు తెల్పువరకు పోయినదంతయు మన నష్టమే. కావున బ్యాంకులో మాటలాడుట చాలదు. కాగితము వ్రాసియిచ్చి, అందినట్లు ముద్రయు తేదీయు వేయించుకొనవలెను.

ఇంకను రెండు మాటలు. ఫోనులో సిమ్ము పిన్ను అను రహస్యసంఖ్యను పెట్టుకొనవచ్చును. ఫోను పోయినపుడు దొంగ మన సిమ్మును వేరొక ఫోనులో పెట్టినను ఆ సంఖ్య లేక అది పలుకదు. కంపెనీవారు మొదట ఇచ్చిన సంఖ్యను తెలిసికొనియే మార్చవలెను. మూడు మారులు తప్పినచో సిమ్ము మూసికొనును. రెండవది, నంబరు మార్చదలచినవారు పాతది బ్రదికియుండగనే బ్యాంకులోను, ఆధారులోను, మన సంఘములోను క్రొత్తది వ్రాయించి, ఆ పిమ్మటనే పాతదానిని విడువవలెను. క్రొత్త బావి నీరు పడకముందే పాత బావిని పూడ్చువాడు రైతు కాడుగదా.

ఈ సంచిక అందిన దినముననే సభ్యులు తమ పాసుపుస్తకమును తీసి, ఏ నంబరు ఖాతాకు జతయైయున్నదో చూడగోరెదము. ఆ నంబరు ఇంట ఎవరి చేతనున్నది? దాని గడువెప్పటికి? తెలియనిచో సంఘ కార్యాలయమున కార్యదర్శిగారిని అడుగవచ్చును. మేము గ్రామములకు వచ్చినపుడు పైరును చూపుటతోపాటు ఫోనును చూపినను సంతోషింతుము. చదువనేరని తల్లిదండ్రుల ఫోనులను ముందు చూడుడు.