మెత్తని దేహము – కఠినమైన గణితము

ఆత్రేయపురపు పూతరేకులకు 2023వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. వేడికుండపై పిండిపూత క్షణములో రేకగును. పొడిరేకును మడువబోయిన విరుగును. తడిబట్ట నద్దినచో వంగును. ఏ వస్తువు ఎంత యొత్తిడికి ఎట్లు లొంగునో ఆ గ్రామస్త్రీల వ్రేళ్లకు తెలియును. ఇట్టి యెరుకనే గణితముగా మార్చి స్త్రీల ప్రాణరక్షణకు వినియోగించు శాస్త్రమొకటి నేడు పెంపొందుచున్నది.

రొమ్మున కణితి యున్నదని సందేహము కలిగినపుడు వైద్యులు పలువిధముల చిత్రములు తీయుదురు. మామోగ్రామునకు రోగిణి నిలుచుండగా రొమ్మును రెండు ఫలకముల నడుమ నొక్కుదురు. ఎం.ఆర్.ఐ. పరీక్షకు ఆమె బోరగిల పరుండవలెను. శస్త్రచికిత్సకు వెల్లకిల పరుండవలెను. రొమ్మున ఎముక లేదు. కావున భంగిమ మారినంతనే కణితి కొన్ని సెంటీమీటర్ల దూరము తొలగిపోవచ్చును. చిత్రమున కనబడిన చోటు వేరు, కత్తి తాకవలసిన చోటు వేరు!

ఈ చిక్కును విడదీయుటకు శాస్త్రజ్ఞులు రొమ్ము ఆకృతిని కంప్యూటరులో వేలకొలది చిన్న ఖండములుగా విభజింతురు. క్రొవ్వు, పాలగ్రంథులు, చర్మము—వీని గట్టిదనమును వేర్వేరుగా నిర్ణయించి, భూమ్యాకర్షణమునకు, ఫలకముల యొత్తిడికి ఏ ఖండమెచ్చటికి జరుగునో లెక్కింతురు. ఈ పద్ధతికి 1960లో పేరిడినవాడు అమెరికా యింజనీరు రే క్లఫ్. ఆనకట్టల బలమును గణించుటకును ఇదియే సాధనము. న్యూజిలాండునందలి ఆక్లండు విశ్వవిద్యాలయమునను, లండను యూనివర్సిటీ కాలేజియందును దీనిని రొమ్మునకు అన్వయించి విశేషకృషి చేసిరి.

అయినను పని సులభము కాదు. రాతికట్టడమువలె దేహము ఏకరీతిగ నుండదు. వయస్సునుబట్టి, మనిషినిబట్టి కండరముల, గ్రంథుల గుణము మారును. బోరగిల పరుండినపుడు తీసిన చిత్రమున రొమ్ము అప్పటికే తన బరువుచే సాగియుండును. కాన ఆ బరువు లేని రూపమును ముందుగా వెనుకకు గణించి రాబట్టవలెను.

మనకిది పరాయివిషయము కాదు. 2022లో భారతదేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలు కొత్తగా ఈ వ్యాధి వాతబడిరని అంతర్జాతీయ అంచనా. పాశ్చాత్యులకంటె మన స్త్రీలకిది చిన్నవయస్సుననే వచ్చుచున్నది. పిన్నవయస్సున గ్రంథులు దట్టముగానుండుటచే మామోగ్రామున గ్రంథియు కణితియు రెండును తెల్లగనే కన్పట్టును. పరదేశస్త్రీల కొలతలపై నిర్మించిన నమూనాలు మనవారికి సరిపోవునో లేదో పరీక్షింపక నమ్మరాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనశాలనుండి వెలువడిన మెథోట్రెక్సేటు ఈ వ్యాధిచికిత్సకు చిరకాలము తోడ్పడినది. అట్టి మేధ పుట్టిన గోదావరీ మండలమున గణితజ్ఞులకు కొరత యుండునా?

కాని, సిగ్గుచే కణితిని దాచుకొను స్త్రీని ఏ కంప్యూటరును కాపాడజాలదు. ముప్పదియేండ్లు దాటిన స్త్రీలకు రొమ్ముపరీక్ష జరుపవలెనని 1916 కాదు, 2016లోనే కేంద్రప్రభుత్వము విధానము నిర్ణయించినది. వాడపల్లి తిరునాళ్లకు కుటుంబసమేతముగా తరలు గృహస్థులు, ఇంటి ఆడపడుచులను ఒక్కసారి పరీక్షకు తోడ్కొనిపోరాదా? శాస్త్రము ఎంత ముందునకు సాగినను, మొదటి అడుగు మన గడపనుండియే పడవలెను.