ఆరు గజాల కారు

మా సందు మొదట్లో వేపచెట్టు కింద ఒక తెల్ల మారుతి 800 ఉండేది. తెల్లదని మాకు గుర్తుండబట్టి అంటున్నాను గానీ, కొత్తగా చూసినవాళ్లకు అది బూడిదరంగు కారే. నాలుగు టైర్లలోనూ గాలి పోయి రిమ్ములు నేలకు ఆనుకున్నాయి. వైపర్ల కింద వేపాకు రాలి, కుళ్లి, మట్టయింది. ఆ మట్టిలో ఒక రావిమొక్క లేచింది. వెనక అద్దం సగం దిగి ఉండేది. ఆ సందులోంచి దూరి ఒక పిల్లి ఏటా సీటు మీద పిల్లల్ని పెట్టేది. నంబరు ప్లేటు మాత్రం చెక్కుచెదరలేదు. ఏపీ 09 అని మొదలయ్యేది.

హైదరాబాదులో కారు వయసు తెలియడానికి ఆ ఏపీ 09 చాలు. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయాక ఇక్కడి బండ్లకు టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ. ఏపీ 09 అంటే విడిపోకముందు ఖైరతాబాదు ఆఫీసులో ఎక్కిన బండి. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. హైదరాబాదు లాంటి పెద్ద ఊళ్లలోనైతే కొత్త కాలుష్య నిబంధనల మూలంగా 2010లోనే దాని అమ్మకం ఆపేశారు. అంటే మా సందులోది ఎంత లేదన్నా పదిహేనేళ్ల పైమాటే.

పొడవు పదకొండడుగులు, వెడల్పు ఐదడుగుల లోపు. మనకు అలవాటైన లెక్కలో చెప్పాలంటే ఆరు గజాల జాగా. మా కాలనీలో గజం ధర తెలిసినవాళ్లు ఆ ఆరు గజాల విలువ వేసుకుని నిట్టూర్చడం నేను చాలాసార్లు విన్నాను. ఆ జాగా ఎవరిదీ కాదు, అందరిదీ. అందుకే దాని గురించి అందరికీ కోపం, అడగడానికి మాత్రం ఎవరూ ముందుకు రారు.

మాది కాగితం మీద ముప్పై అడుగుల రోడ్డు. ఇటు ఇళ్ల ర్యాంపులు నాలుగడుగులు, అటు మెట్లు మూడడుగులు తినేశాయి. రెండు పక్కలా కార్లు నిలిపితే మధ్యలో మిగిలేది పన్నెండు, పదమూడడుగులు. ఆటో దూరుతుంది, స్కూలు వ్యాను ఆగి ఆగి వెళ్తుంది. ఫైరింజను వెడల్పే ఎనిమిది అడుగులు. మలుపు తిరగాల్సి వస్తే ఇక దాని పని అయిపోయినట్టే. కట్టేటప్పుడు ప్లానులో సెల్లార్, స్టిల్ట్ అని పార్కింగు చూపించి, తర్వాత అందులో షట్టర్లు దించి దుకాణాలకు అద్దెకిచ్చిన ఇళ్లు మా సందులోనే మూడున్నాయి. వాళ్ల కార్లన్నీ రోడ్డు మీదే. జపాన్‌లో 1962 నాటి చట్టం ప్రకారం కారు పెట్టుకునే చోటు ఉందని, అదీ ఇంటికి రెండు కిలోమీటర్ల లోపే ఉందని ముందు చూపించాలి. మన దగ్గర లోను మంజూరైతే చాలు, కారు ఇంటికి వచ్చేస్తుంది.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి మా వెనకింటి పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు సందు మొదట్లోనే ఆగిపోయింది. మారుతి ఒక పక్క, దానికి ఎదురుగా ఎవరో అడ్డంగా నిలిపిన ఎస్‌యూవీ ఒక పక్క. స్ట్రెచరు మీద ఆయన్ని వానలో నూట యాభై గజాల దూరం మోసుకెళ్లారు. ఆయన బతికారు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఆ పాత కారు ఫొటో తీశాను, నంబరు స్పష్టంగా కనపడేలా. కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద రాశాను: ‘ఈ కారు ఎవరిది? మనుషుల ప్రాణాలకు విలువ లేదా?’

అది నేను చేసిన తప్పు. ఈ కథనం రాయడానికి కారణం కూడా అదే.

పది నిమిషాల్లో పేరు, ఫోను, అడ్రసు

గ్రూపులో నూట ఎనభై మంది. పది నిమిషాలు గడవకముందే ఒకాయన జవాబు పెట్టాడు. బీమా పాలసీలు చూసే తెలిసినవాళ్ల ద్వారా తెప్పించానన్నాడు. ఓనరు పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు, ఇన్సూరెన్సు ఎప్పుడు అయిపోయిందీ అన్నీ అందులో ఉన్నాయి. చూస్తే ఆ ఓనరు మా ఎదురు వరస రెండో అంతస్తులో ఉండే ఆవిడ భర్త. ఆయన పోయి ఆరేళ్లు. ఆ ఫోను ఇప్పుడు ఆవిడ వాడుతున్నారు.

ఆ రోజే ఆవిడకు పదకొండు ఫోన్లు వచ్చాయట. ఇద్దరు కాలనీవాళ్లు తిట్టారు. ఇద్దరు సెకండ్ హ్యాండ్ కన్సల్టెన్సీవాళ్లు ‘కారు ఇచ్చేస్తారా, క్యాష్ ఇస్తాం’ అన్నారు. మిగిలినవాళ్లు ఎవరో ఆవిడకు తెలియదు. ఒకడు మాత్రం ‘మీ ఆయన లేడటగా, ఇంట్లో ఇంకెవరున్నారు?’ అని అడిగాడు. డెబ్బై దాటిన మనిషి. కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. రెండో అంతస్తులో ఒక్కతే. ఆ ప్రశ్న విన్నాక ఆవిడ రాత్రంతా లైటు ఆర్పలేదు.

సాయంత్రం వెళ్లి తలుపు తట్టాను. నన్ను చూడగానే ‘రా నాయనా’ అన్నారు. ఫొటో పెట్టింది నేనేనని ఆవిడకు అప్పటికింకా తెలియదు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘తియ్యాలనే ఉంది బాబూ. కానీ ఎవరి దగ్గరికెళ్లాలో, ఏ కాగితం పెట్టాలో తెలీక ఊరుకున్నా. పేరు ఆయనది, ఆయన లేరు. అమ్మితే సంతకం ఎవరు పెట్టాలి?’ అన్నారు. ఆరేళ్లుగా ఆ కారు అక్కడే నిలబడిపోవడానికి కారణం ఇదొక్కటే. సందులో మేమంతా దాన్ని నిర్లక్ష్యం అనుకున్నాం.

బండి నంబరు బయటి ప్రపంచానికి చూపించడానికే ఉంది. ఆ నంబరు వెనక ఉన్న మనిషి వివరాలు అలా కాదు. దేశంలోని చాలా బండ్ల రిజిస్ట్రేషన్లు ‘వాహన్’ అనే ఒకే డేటాబేసులో ఉన్నాయి. పాతిక కోట్లకు పైగా బండ్ల వివరాలవి. ఒకప్పుడు నంబరు ఎస్సెమ్మెస్ చేస్తే ఓనరు పేరు పూర్తిగా వచ్చేది. ఇప్పుడు ప్రభుత్వ ఎమ్‌పరివాహన్ యాప్‌లో ఒకటి రెండు అక్షరాలు చూపించి మిగతావి చుక్కలతో మూసేస్తున్నారు. ఇది మంచి మార్పు. కానీ ఆ మాటకొస్తే 2019లో కేంద్ర రవాణా శాఖే ఈ సమాచారాన్ని గంపగుత్తగా ఇచ్చే విధానం తెచ్చింది. వాణిజ్య సంస్థలకు ఏడాదికి 3 కోట్ల రూపాయలు ధర పెట్టింది. వాహన్‌నూ, డ్రైవింగ్ లైసెన్సుల డేటాబేసు ‘సారథి’నీ చూసే వీలు 87 ప్రైవేటు సంస్థలకూ, 32 ప్రభుత్వ సంస్థలకూ ఇచ్చామని, దాని మీద 65 కోట్లు వచ్చాయని అదే ఏడాది జులైలో పార్లమెంటుకు చెప్పారు. ప్రైవసీకి ముప్పన్న కారణంతోనే 2020 జూన్‌లో ఆ విధానాన్ని రద్దు చేశారు. విధానం రద్దయింది గానీ, అప్పటికే బయటికి వెళ్లిన సమాచారం వెనక్కి వస్తుందా?

అమెరికాలో ఈ పాఠం ఒక ప్రాణం పోయాక నేర్చుకున్నారు. 1989 జులైలో లాస్ ఏంజెలిస్‌లో రెబెకా షేఫర్ అనే 21 ఏళ్ల నటిని, ఆమె వెంటపడ్డ ఒక అభిమాని ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపాడు. ఆమె అడ్రసు కోసం అతను ఒక ప్రైవేటు డిటెక్టివ్‌కు డబ్బిచ్చాడు. డిటెక్టివ్ దాన్ని కాలిఫోర్నియా వాహన శాఖ రికార్డుల్లోంచి తెచ్చాడు. ఆ రోజుల్లో అలా అడిగి తెచ్చుకోవచ్చు. ఆ హత్య తర్వాత కాలిఫోర్నియా నిబంధనలు బిగించింది. 1994లో దేశం మొత్తానికి డ్రైవర్ల వివరాల రక్షణ చట్టం వచ్చింది. మన దగ్గర ప్రైవసీ ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం ఢిల్లీలో ఉంది. నూట ఎనభై మంది గ్రూపులో అడ్రసు పెట్టిన మా కాలనీ ఆయనకు మాత్రం, తాను చేసింది తప్పని ఇప్పటికీ అనిపించడం లేదు.

పేరు అక్కర్లేదు, నంబరు చాలు

నేను తర్వాత తెలుసుకున్న సంగతి ఇది. ముందే తెలిసుంటే ఫొటో తీసేవాణ్నే గానీ గ్రూపులో పెట్టేవాణ్ని కాదు. పక్కవాడి కారు రోడ్డు మీంచి తీయించడానికి అది ఎవరిదో మనకు తెలియాల్సిన అవసరమే లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ చాలా సూటిగా ఉంది. బహిరంగ స్థలంలో ఒక బండిని పది గంటలు, ఆపైన పట్టించుకోకుండా వదిలేసినా, పార్కింగు నిషేధించిన చోట నిలిపినా, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి దాన్ని టోయింగ్ చేయించవచ్చు, చక్రానికి క్లాంపు వేయించవచ్చు. ఖర్చు ఓనరుదే. పది గంటలట, ఆరేళ్లు కాదు. పోలీసుకు మనం ఇవ్వాల్సింది నంబరు, చోటు, ఎన్నాళ్లుగా ఉందన్న మాట. ఓనరు ఎవరో వెతికి పట్టుకోవడం వాళ్ల పని, ఆ అధికారం వాళ్లకుంది. హైదరాబాదు పోలీసు కమిషనరేట్లు ఇలా తెచ్చిన బండ్ల గురించి ప్రకటన ఇచ్చి, గడువులోగా ఎవరూ రాకపోతే వేలం వేస్తున్నాయి.

కారున్నవాళ్లకూ ఒక మాట చెప్పాలి. పాతదవడం తప్పు కాదు. ఢిల్లీ చుట్టుపక్కల వచ్చిన వయసు ఆంక్షలు మన రెండు రాష్ట్రాల్లో లేవు. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, నిజమే. తండ్రి కొన్న అంబాసిడర్‌ను ఆదివారం ఆదివారం తుడిచి, స్టార్ట్ చేసి, ఓ చుట్టు తిప్పి గేటులోపల పెట్టుకునేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. నా బాధ, కదలని కారు రోడ్డు మీద పాతుకుపోవడం గురించే. దాని టైర్లలో, డిక్కీలో వాన నీరు నిలిస్తే అక్కడే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు, మళ్లీ వాన పడగానే పిల్లలవుతాయి.

కాగితాల సంగతి మరీ ముఖ్యం. బండి అమ్మేసి డబ్బు తీసుకుని, పేరు మారిందో లేదో చూడనివాళ్లు మన చుట్టూ ఎంతమందో. పేరు మారకపోతే చట్టం దృష్టిలో ఆ బండి ఇంకా మీదే. రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అమ్మినవాళ్లు అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి. ఇల్లు మారితే 30 రోజుల్లో కొత్త అడ్రసు రాయించాలి. ఓనరు చనిపోతే వారసులు 30 రోజుల్లో సమాచారం ఇచ్చి, మూడు నెలల్లోగా పేరు మార్పుకు ఫారం 31 పెట్టుకోవాలి. మా ఎదురింటావిడ ఆరేళ్లుగా వెతుకుతున్న కాగితం ఈ ఫారం 31. ఆలస్యానికి జరిమానా కడితే సరిపోయింది. అసలు ఈ తిరుగుడే లేకుండా, 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు రాయించుకునే వీలుంది. బ్యాంకు ఖాతాకు నామినీని రాసే మనం బండికి రాయం. ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

నేనూ, పక్కింటి కుర్రాడూ ఆవిడ వెంట రవాణా ఆఫీసుకు మూడుసార్లు వెళ్లాం. మరణ ధ్రువీకరణ, వారసుల అంగీకారం, ఆర్సీ, అన్నీ దొరికాయి. కారు మీద ఆవిడకు మమకారం లేదని కాదు. కొన్న రోజున యాదగిరిగుట్టకు వెళ్లి పూజ చేయించారట. గ్లవ్ బాక్సులో ఆ నాటి కుంకుమ పొట్లం ఇంకా ఉంది, దాన్ని కొంగున కట్టుకుని వచ్చేశారు. కారును గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికి ఇచ్చేశాం. వాళ్లు డిపాజిట్ సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని చూపిస్తే కొత్త సొంత కారు మీద రాష్ట్రం పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చని కేంద్ర నిబంధన. ఆవిడకు కొత్త కారు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం మాత్రం భర్త ఫొటో వెనక దాచుకున్నారు.

క్రేను వచ్చిన రోజు చక్రాల కింద నాలుగు గుంటలు, ఎండిపోయిన ఆకుల దిబ్బ మిగిలాయి. ఇప్పుడు ఆ చెట్టు నీడలో ఇస్త్రీ బండి నిలబడుతోంది, కాస్త ఓరగా, దారికి అడ్డం లేకుండా.

గ్రూపులో నేను పెట్టిన ఫొటో అప్పుడే తీసేశాను. అడ్మిన్‌ను బతిమాలి ఆ అడ్రసు మెసేజీ కూడా తీయించాను. కానీ అప్పటికి దాన్ని ఎవరెవరు దాచుకున్నారో, ఎవరెవరికి పంపారో చెప్పేవాళ్లు లేరు. నిన్న రాత్రి కూడా ఆవిడకు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.