రోగము లేనివారిని పరీక్షించు విద్య

వైద్యవిద్యార్థికి మొదటినుండి అలవడునది రోగి వచ్చి తన బాధ చెప్పుకొనగా విని, శరీరమును పరీక్షించి, కారణమును వెదకు పద్ధతి. క్యాన్సరు స్క్రీనింగు ఈ క్రమమునకు ఎదురు నడచును. ఇందు బాధ లేదు, ఫిర్యాదు లేదు. పొలము పనికి పోవుచు, ఇంటిల్లిపాదికి వండి పెట్టుచు, తనకే జబ్బును లేదని నమ్మియున్న మనిషిని మనమే పిలిచి, ఒక్కమాఱు చూచెదము రమ్మని అడుగవలసియుండును. నర్సింగు, దంతవైద్య, ఎం.బి.బి.యస్. విద్యార్థుల అవగాహనను గూర్చి మనదేశపు కళాశాలలలో జరిగిన సర్వేలలో తఱచుగా కనబడు సంగతి ఒకటే: పరీక్ష పేరు తెలిసినవారు పెక్కుమంది, అది ఎవరికి, ఏ వయస్సున, ఎన్నియేండ్లకొకసారి చేయవలెనో చెప్పగలవారు కొలదిమంది.

ఈ ప్రశ్నకు సమాధానము కఠినమైనది కాదు. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ వెలువరించిన మార్గదర్శకముల ననుసరించి 30 మొదలు 65 యేండ్లవఱకు స్త్రీపురుషులందఱికి నోటిని, స్త్రీలకు అదనముగా స్తనములను, గర్భాశయ ముఖద్వారమును ఐదేండ్లకొకసారి పరీక్షింపవలెను. అయినను 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 30–49 యేండ్ల స్త్రీలలో ముఖద్వార పరీక్ష ఎన్నడైనను చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను తేలలేదు. కళాశాలల సర్వేకారులు ఇరువదియేండ్ల విద్యార్థినిని 'నీవు చేయించుకొంటివా?' అని అడిగి, లేదన్నచో దానిని అలక్ష్యముగా లెక్కవ్రాయుట నాకు న్యాయముగా తోచదు. ఆమెకు ఆ వయస్సింకను రాలేదు. అడుగవలసినది 'మీ అమ్మ చేయించుకొన్నదా?' అని.

ముఖద్వారపు క్యాన్సరనగానే విద్యార్థి కలమునకు వచ్చునది పాప్‌స్మియరు. గ్రీసున పుట్టి అమెరికాలో స్థిరపడిన జార్జి పాపనికొలౌ దానిని 1928లో తొలిసారి ప్రకటించెను; 1940 దాటినపిమ్మటగాని వైద్యలోకము దానిని లక్ష్యపెట్టలేదు. ఆ పరీక్షకు కణములను చదువగల నిపుణుడును, ప్రయోగశాలయు, ఫలితము వచ్చినపుడు మరల కబురంపు ఏర్పాటును కావలెను. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున చేయదగినది అంతకంటె సులభము. స్పెక్యులము అమర్చి, నూటికి ఐదుపాళ్ల ఎసిటిక్ ఆమ్లమున (వెనిగరులో ఉండు ఆమ్లమే అది) తడిపిన దూదిని ముఖద్వారమునకు అద్ది, ఒక్కనిమిషము ఆగి, మంచి వెలుతురులో చూచినచో, మార్పుచెందిన కణజాలము చుట్టునున్న గులాబివన్నెనుండి వేఱుపడి, స్పష్టమైన అంచుగల దట్టమైన తెల్లమచ్చగా కనబడును. ముంబయి టాటా స్మారక ఆసుపత్రివారు మురికివాడలలో ఈ పద్ధతిని రెండేండ్లకొకసారి చొప్పున అమలుజరిపి, పండ్రెండేండ్ల పరిశీలన పిమ్మట ఆ క్యాన్సరు మరణములు నూటికి 31 వంతులు తగ్గినట్లు 2014లో ప్రకటించిరి. చేసినవారు వైద్యులు కారు. కొలదివారముల శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్తలు. వారికి చేతనైన పని నాలుగైదేండ్లు చదివిన పట్టభద్రునికి చేతకాకున్నచో, లోపము అతని బుద్ధిలో లేదు. పోస్టింగులలో ఎవ్వరును అతనిచేత చేయింపలేదు, లాగ్‌బుక్కులో సంతకము మాత్రము పడినది.

ఇందొక విచిత్రము కలదు. విద్యార్థినులు ఇంచుమించు అందఱును విన్నది స్తనముల స్వయంపరీక్ష. గోడపటములపై బొమ్మలతో కనబడునదియు అదియే. కాని షాంఘై బట్టలమిల్లులలో 2,60,000కు పైగా స్త్రీలపై జరిగి 2002లో వెలువడిన పరిశోధన తేల్చినదేమనగా, స్వయంపరీక్షను నేర్పినందువలన మరణములు తగ్గలేదు. అపాయము లేని గడ్డలకు బయాప్సీలు మాత్రము పెరిగినవి. శిక్షణగల కార్యకర్త తన చేతితో తడవి చూచినపుడైతే, 50 యేండ్లు దాటిన స్త్రీలలో ఆ మరణములు నూటికి 30 వంతులకు దగ్గరగా తగ్గినట్లు ముంబయినుండియే 2021లో మఱియొక నివేదిక వచ్చినది. తన శరీరమును తానెఱిగియుండుట మంచిదే. నర్సు కాబోవు పిల్లకు అవసరమైనది ఇతరుల శరీరమున గడ్డను గుర్తింపగల వ్రేళ్లు.

నోటి విషయమున మన ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన చరిత్ర కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతపు తీరగ్రామములలో, ముఖ్యముగా వయస్సు మీఱిన స్త్రీలు, చుట్టను నిప్పున్న కొస నోటిలోపల పెట్టుకొని కాల్చుదురు. దానినే అడ్డపొగ యందురు. అన్యత్ర క్యాన్సరు బుగ్గలోనో నాలుకపైననో పుట్టుచుండగా, వీరికి వేడియు పొగయు తగులు అంగిలియందు పుట్టును. నాలుకను మాత్రము చాపుమని చూచి పంపివేసిన విద్యార్థికి అది కనబడదు. "మామ్మా, తల ఎనక్కి వాల్చి నోరు బాగా తెరువు" అని, టార్చిలైటు పైకి త్రిప్పినగాని, తెల్లబారి మందమెక్కిన పొరయు, దానిపై ఎఱ్ఱని చుక్కలును, ఒక్కొక్కచోట మానని పుండును బయటపడవు. ఇట్టి కంటిచూపు పరీక్షయే తిరువనంతపురము జిల్లాలో పొగాకు, మద్యము వాడువారి నోటిక్యాన్సరు మరణములను సుమారు మూడవవంతు తగ్గించినట్లు 2005లో నిరూపితమైనది.

సెలవులకు ఇంటికి పోయిన విద్యార్థిని తల్లియెదుట ముఖద్వార పరీక్ష ప్రస్తావన తెచ్చినపుడు వినవచ్చు మాట "నాకేమైందే, బాగానే ఉన్నానుగా" అనునది. ఆ మాట వెనుక, ఏదైన కనబడినచో ఏమగునన్న భయముండును. ఆ పరీక్షలో కనబడు తెల్లమచ్చ చాలవఱకు క్యాన్సరు కాదు, అది క్యాన్సరగుటకు సామాన్యముగా పెక్కేండ్లు పట్టును. తగినవారికి అతిశీతలమైన వాయువుతోగాని వేడిమొనతోగాని కొలదినిమిషములలో ఆ మచ్చను నశింపజేసి, ఆనాడే ఇంటికి పంపుదురు. తల్లికి ముట్టు నిలిచి యేండ్లయినచో మాత్రము, మార్పులు పుట్టు భాగము లోపలికి జరిగి కంటికి అందదు గనుక, ఆమ్లపరీక్షను నమ్ముకొనక హెచ్.పి.వి. (ఆ క్యాన్సరునకు కారణమగు వైరసు) పరీక్ష దొరకు ఆసుపత్రికి తీసికొనిపోవలెను.