బొంతల చిట్టీ

పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ గంప దించి అప్పటికే అరగంటయింది. నా నేత చీరలు ఆరు, మావారి ప్యాంట్లు రెండు ఆవిడ ముందు గుట్టగా పడి ఉన్నాయి. "ఇంకో చీరెయ్యమ్మా, బేసిను తీసుకో" అంటుంది ఆవిడ. "ఇన్నిస్తే చాలవూ?" అంటాను నేను. ఈ బేరం తెలియని ఇల్లాలు మనలో ఎవరుంటారు చెప్పండి! సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు పిన్నిగారు మెట్లు దిగి వచ్చారు. గుట్టలోంచి ఓ చీర లాగి, కొంగు వేళ్ల మధ్య నలిపి చూశారు.

"బండార్లంక నేత! ఎంత మెత్తబడిందో చూడు. ఆరు చీరలంటే మూడు బొంతలమ్మాయ్. మూడు బొంతలిచ్చి ఓ బేసిను కొంటావా?" అన్నారు.

గంప ఆవిడకి కోపం వచ్చింది. నాకు సిగ్గేసింది. ప్యాంట్లకి ఓ చిన్న గిన్నె తీసుకుని, చీరలు మళ్లీ లోపలికి పట్టుకెళ్లాను. రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల బొంతల చిట్టీ పుట్టింది ఆ రోజే.

ఇదేం చిట్టీ అంటారా? ఇందులో డబ్బు లేదు. ఆరుగురం. ప్రతి బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు సెల్లార్‌లో చాపలు పరుచుకుని కూర్చుంటాం. నెలకో ఇంటి బొంత. చీరలు ఆ ఇంటివి, చేతులు అందరివీ. ఎవరి వంతు ముందో తేల్చడానికి చీట్లు వేశాం. ఎవరి వంతయితే ఆ నెల టీ వాళ్లది. ఆరు నెలలు తిరిగేసరికి ఆరిళ్లకీ ఆరు బొంతలు. ఇంతకన్నా నిబంధనలు లేవు. నిబంధనలు రాసుకోకపోవడం ఎంత పొరపాటో తర్వాత తెలిసిందనుకోండి.

మా ఆరుగురిలో నిజంగా బొంత కుట్టడం వచ్చినావిడ పిన్నిగారొక్కరే. నేను బి.ఏ. చదివాను, కథలు రాస్తాను, కుట్టుపని అంటే మాత్రం జాకెట్టుకి హుక్కులు కుట్టుకోవడం దాకానే. రిటైరైన లెక్కల టీచరుగారికి సూదిలో దారం ఎక్కించడానికే రెండు కళ్లద్దాలు కావాలి. మా ఎదురింటి అమ్మాయి ఒళ్లో పిల్లవాడితోనే వచ్చేది. అయినా సరే, మొదటి బుధవారం అందరం హుషారుగానే కూర్చున్నాం.

పదివేల కుట్లు

మీరూ కుట్టాలనుకుంటే పిన్నిగారు చెప్పిన పద్ధతి ఇది. చీర అయిదున్నర మీటర్లు, అంటే పద్ధెనిమిది అడుగులు. దాన్ని మూడు మడతలు వేస్తే మంచానికి సరిపడా ఆరడుగుల పొడుగు వస్తుంది. వెడల్పు ఎలాగూ నాలుగడుగులకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెండు చీరలైతే ఆరు పొరలు. మన ఊళ్ల చలికి అది చాలు. మూడో చీర పెట్టారా, బొంత వెచ్చగానే ఉంటుంది గానీ సూది దిగదు, వేళ్లు పుళ్లు పడతాయి. బాగా చిరిగిన చీర లోపలికి వెళ్లాలి, గట్టిగా ఉన్నది పైకి. ముందుగా వేణ్ణీళ్లలో నానబెట్టి గంజంతా పోయేలా ఉతకాలి. గంజి మిగిలితే పురుగు పడుతుంది. నైలాన్ చీరలూ, పాలియెస్టర్ చీరలూ నేత చీరలతో కలపకూడదు. అవి జారిపోతాయి, చెమట పీల్చవు, ఉతికాక ఒకటి కుంచించుకుని ఒకటి అలాగే ఉండి మధ్యలో ఉబ్బులు వస్తాయి.

పొరలు పరిచాక నాలుగు వైపులా నలుగురు కూర్చుని లాగి పట్టుకోవాలి. అప్పుడు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి పొరలు కదలకుండా చేయాలి. ఒక్కరే కుట్టుకునేటప్పుడు మూలల్లో బరువులు పెట్టుకోవాలట. పిన్నిగారి అమ్మమ్మ రోలూ, పొత్రమూ పెట్టేదట. తర్వాత అంచు మడిచి, ఆ అంచు నుంచి వరసలు. అంగుళానికో వరస. ముడి ఎప్పుడూ పొరల మధ్యకి పోవాలి, పైన కనపడితే ఒంటికి గుచ్చుకుంటుంది. పని అంతా ఈ చిన్న కుట్టే.

మొదటి బొంత నాలుగో బుధవారానికి పూర్తయింది. నాలుగు మూలలూ పట్టుకుని ఎత్తి చూసుకుని మురిసిపోతుంటే, లెక్కల టీచరుగారు ఊరుకోరు కదా, కాగితం తీశారు. పొడుగు 72 అంగుళాలు. వెడల్పు 48 అంగుళాలు, అంటే 48 వరసలు. అంగుళానికి మూడు కుట్లు. హెచ్చవేస్తే 10,368 కుట్లు! ఆరుగురం, వారానికి రెండేసి గంటలు, నాలుగు వారాలు. 48 గంటలు. కబుర్లకీ టీలకీ ఎనిమిది గంటలు తీసేసినా నలభై గంటలు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేకపోయాను. ఎందుకో చెప్తాను.

అంతకు ముందు ఒక చలికాలం "బొంతలు కుడతామమ్మా" అని కేకేసుకుంటూ ఒకావిడ మా వీధిలోకి వచ్చింది. బొంతకి ఆరువందలు అడిగింది. "పాత చీరలు మావే, దారం మాదే, నీకేం ఖర్చు?" అని బేరమాడి నాలుగువందలకి ఒప్పించాను. పాపం ఆవిడ మూడు రోజులు మా వరండాలో నడుం వంచుకుని కూర్చుని కుట్టింది. మధ్యలో రెండుసార్లు కాఫీ ఇచ్చి, ఎంతో ఉపకారం చేసినట్టు అనుకున్నాను. ఆ వారమంతా నా బేరం గొప్పగా చెప్పుకున్నాను కూడా. మూడు రోజులకి నాలుగువందలు! ఇల్లు కట్టే చోట ఇటుకలు మోస్తే ఆవిడకి అంతకన్నా ఎక్కువే వచ్చేది. పదివేల కుట్లు నా వేళ్లతో కుట్టేదాకా, నిజానికి అందులో ఆరో వంతు కుట్టేదాకా, ఆ సంగతి నాకు తట్టలేదు.

చిట్టీ ఎగ్గొట్టిన వదినగారు

రెండో నెల వంతు కింది ఫ్లాటు వదినగారిది. ఆవిడ బొంత అందరికన్నా బాగా కుదిరింది. మంగళగిరి చీర జరీ అంచు చుట్టూ వచ్చేలా కుట్టాం. మూడో నెల మొదటి బుధవారం ఆవిడ రాలేదు. రెండో బుధవారమూ రాలేదు. మూడోసారి, "పాట ఎత్తుకుని చిట్టీ ఎగ్గొట్టారు!" అని ఒకరన్నారు. అందరం నవ్వాం. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. "అందుకే ఆడవాళ్ల మధ్య ఇలాంటివి సాగవు" అని ఇంకొకరు. ఆడవాళ్లే ఆడవాళ్ల గురించి ఈ మాట ఎంత తేలిగ్గా అనేస్తారో!

ఆ వారమే జాకెట్టు లైనింగు కోసం మెయిన్‌రోడ్డులో బట్టల కొట్టుకి వెళ్లాను. కౌంటర్ వెనక మీటరు పుల్ల పట్టుకుని వదినగారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని ఒక్క నిమిషం మాట్లాడలేదు. వాళ్లాయన వ్యాపారం దెబ్బతింది. పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆవిడకి అక్కడ పని. అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పుకోలేదు. లైనింగు కొలిచి, చింపి, మడత పెట్టి ఇస్తూ "మీ అందరికీ బాకీ ఉన్నానని తెలుసు వదినా. బుధవారాలు రాలేను. రాత్రిళ్లు చేసి ఇవ్వగలిగేదేమైనా ఉంటే చెప్పండి" అన్నారు. ఆవిడని అడిగే ఇది రాస్తున్నాను. "పేరు రాయకండి, మిగతాది రాయండి" అన్నారు.

చిన్న కుట్లు మా చిట్టీలోకి వచ్చింది అలాగే. మధ్యాహ్నం లేని వాళ్లు బొంత దగ్గర కూర్చోలేరు. చేతిలో పట్టే పనయితే రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఓ పావుగంట చేసుకోవచ్చు. ఇంక మన ఇళ్లల్లో గుడ్డ ముక్కలకి కొదవా? పేరంటాలలో ఇచ్చిన జాకెట్టు ముక్కలు ఒక్కో ఇంట్లో సంచీడుంటాయి. మనకి ఒకరిచ్చినవి మనం ఇంకొకరికిస్తాం, అవి ఏ జాకెట్టూ కాకుండానే ఊరంతా తిరుగుతుంటాయి. అవన్నీ పోగేసి ఇచ్చాం. వదినగారు వాటితో దిండు గలీబులు, కూరల సంచులు, వేడిగిన్నె దించుకునే గుడ్డలు కుట్టి ఆదివారం ఆదివారం పంపిస్తారు. ఎదురింటి అమ్మాయి చెల్లెలికి పురుడొస్తే మెత్తటి చీర ముక్కలతో పొత్తిగుడ్డలు పన్నెండు కుట్టిచ్చారు. మా లెక్కలో ఆవిడ బాకీ ఎప్పుడో తీరిపోయింది. అయినా ఆ "చిట్టీ ఎగ్గొట్టారు" మాట ఎవరో ఆవిడ చెవిన వేశారు. అన్నావిడకీ వదినగారికీ ఇప్పటికీ మాటల్లేవు. లిఫ్టులో కలిస్తే ఒకరు మెట్లెక్కుతారు.

టీచరుగారి అమ్మాయి అమెరికాలో ఉంటుంది. మా సంగతి విని బొంతల మీద ఒక పుస్తకం పంపించింది. అక్కడ అలబామా రాష్ట్రంలో, ఒక నది మలుపులో జీస్ బెండ్ అని నల్లజాతివాళ్ల పల్లె ఉంది. పత్తి పొలాల్లో బానిసలుగా బతికినవాళ్ల సంతతి. చలికి ఆగలేక, పాత పనిబట్టలు ముక్కలు చేసి అక్కడి ఆడవాళ్లు కుట్టుకున్న బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. ఆ తర్వాత న్యూయార్కులోనూ పెట్టారు. 2006లో వాటి మీద తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. అందులో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ బొంత ఒకటి ఉంది. 1942లో భర్త పోతే, ఆయన పొలం పనికి కట్టుకున్న బట్టలతోనే కుట్టుకుందట, కప్పుకుని తలుచుకోవడానికి. డబ్బు దగ్గర గొడవలు అక్కడా తప్పలేదు. 2007లో కుట్టినవాళ్లు కొందరు తమకి రావలసింది రాలేదని కోర్టుకెక్కారు. అంత దూరం ఎందుకు, బెంగాల్లో కాంథా, కర్ణాటకలో కౌది, ఉత్తర కన్నడలో సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవండి, అన్నీ మన బొంతకి అక్కచెల్లెళ్లే. మనకయితే సంక్రాంతికొచ్చే గంగిరెద్దు వీపు మీద కూడా బొంతే కదా!

ఆ పుస్తకం చూశాకే మా అమ్మ చీరలు బయటికి తీశాను. అమ్మ పోయి నాలుగేళ్లు. రెండు వెంకటగిరి చీరలు, పెట్టె అడుగున కలరా ఉండల మధ్య. ముట్టుకోవడానికే మనసొప్పేది కాదు. పిన్నిగారు విప్పి వెలుతురుకి పట్టి చూపించారు. మడతల దగ్గర గీతలు గీసినట్టు పిగిలిపోయి ఉన్నాయి. "దాచుకుంటే దక్కుతుందనుకున్నావా? ఇంకో రెండేళ్లకి పొడి మిగులుతుంది" అన్నారు. నా వంతు అయిదో నెలలో వచ్చింది. సూది మొదటిసారి దింపలేక టీచరుగారికి ఇచ్చేశాను. రెండో వరస నుంచి నేనే కుట్టాను. ఆ బొంత ఇప్పుడు మా అబ్బాయి హాస్టల్లో ఉంది. "అమ్మమ్మ బొంత" అనడు, "నా బొంత" అంటాడు.

మొన్న డిసెంబరులో ఆ కేక మళ్లీ వినిపించింది. "బొంతలు కుడతామమ్మా!" ఆవిడే. జుట్టు ఇంకాస్త నెరిసింది. నేను గుర్తుండను అనుకున్నాను. "నాలుగొందల అమ్మగారు కదూ" అంది! సెల్లార్‌లోకి తీసుకెళ్లాను. ఆ రోజు బుధవారం. మేం సగం కుట్టిన బొంత చాప మీద పరిచి ఉంది. అందరూ పైవైపు చూసి మెచ్చుకుంటారు, ఆవిడ తిరగేసి వెనకవైపు చూసింది. అరచేత్తో ఒత్తుకుంటూ పోయి ఒక చోట ఆగింది.

"లోపలి చీర ముడత పడిందమ్మా. మీరు నలుగురూ నాలుగు వైపుల నుంచి కుట్టుకొచ్చారు. ఒక పక్క నుంచే రావాలి."

పిన్నిగారు ఏమీ అనలేదు. ఆవిడ కూర్చుని ఏడు వరసలు పరపరా విప్పేసింది, ముడత సరిచేసి మళ్లీ కుట్టింది. మా ఆరుగురి కన్నా ఆవిడ ఒక్కతే ముందుంది. లేచేటప్పుడు "ఎంతిమ్మంటావు?" అని అడిగితే, "దీనికేం ఇస్తారు, చూపించాను అంతే" అంది. బలవంతం చేస్తే టీ తాగింది.

వచ్చే నెల నుంచి బుధవారాలు వచ్చి మాకు నేర్పమని అడిగాం. వస్తానంది. టీచరుగారు గంటల లెక్కన ఇద్దామంటారు, పిన్నిగారు బొంత లెక్కన అంటారు. ఎంత ఇవ్వాలో ఈ బుధవారం తేల్చాలి. బేరమాడే పని మాత్రం నాకు పెట్టొద్దని ముందే చెప్పేశాను.