లోపలి అంచు అరిగిన టైరు

శనివారం ఒకసారి వాడపల్లి గుడికి వెళ్ళి చూడండి. ఏడు శనివారాల మొక్కున్నవాళ్ళ కార్లు తెల్లవారకముందే బారులు కడతాయి. రాజమహేంద్రవరం వైపువాళ్ళు ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వస్తారు. రావులపాలెం వైపువాళ్ళు లొల్ల మీదుగా వస్తారు. తిరుగు దారిలో ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు కట్టించుకోవడం ఎలాగూ ఉంటుంది. ఆ ఆగిన కార్ల ముందు టైర్లను వంగి చూస్తే కొన్నిటికైనా ఒక విచిత్రం కనిపిస్తుంది. బయటి అంచున గాడులు కొత్తవాటిలాగే లోతుగా ఉంటాయి. లోపలి అంచు మాత్రం నున్నగా గుండు అయిపోయి ఉంటుంది. కారు తుడిచేటప్పుడు కనబడేది బయటి అంచే కాబట్టి యజమానికి ఆ సంగతి తెలియదు.

తెలిసిన రోజున రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, ఈ కంపెనీ టైర్లు మంచివి కావు. రెండు, అలైన్‌మెంట్ చేయించేస్తే పోతుంది. రెండూ తొందరపాటు మాటలే. టైరు ఎక్కడ అరిగింది, ఏ తీరున అరిగింది అన్నది చూస్తే తప్పు గాలిదా, కోణానిదా, వంగిన ఇనుముదా అన్నది చాలావరకు తేలిపోతుంది. అది చూడకుండా బండిని అలైన్‌మెంట్ మెషీను ఎక్కిస్తే డబ్బూ పోతుంది, కొత్త టైరూ పోతుంది.

ముందు ఈ ప్రాంతపు రోడ్ల సంగతి. కాటన్ దొర 1847-1852 మధ్య ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక డెల్టాకు కాలువలు వచ్చాయి. మధ్య డెల్టా ప్రధాన కాలువ బొబ్బర్లంక దగ్గర మొదలై లొల్ల లాకుల దగ్గర చీలుతుంది. ఈ కాలువల గట్లు నీటిని నిలపడానికి, పడవలను తాళ్ళతో లాగేవాళ్ళు నడవడానికి పోసినవి. ఇప్పుడు చాలా చోట్ల వాటి మీదే తారు రోడ్లు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లంలో వరిచేలో అరటితోటో. కింద ఉన్నది డెల్టా బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలువలకు నీళ్ళు కట్టేస్తే, అప్పటిదాకా గట్టును ఒత్తిపట్టి ఉంచిన నీటి అండ పోతుంది. గట్టు అంచు మెల్లగా జారుతుంది, దాంతోపాటు తారు అంచూ విరుగుతుంది. పైన ఇసుక లారీలు తిరిగితే మిగతా పని అవి పూర్తి చేస్తాయి.

ఒక వరస రోడ్డు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. ఎదురుగా బస్సు వస్తే మన ఎడమ చక్రాలు తారు దిగాల్సిందే. దిగేటప్పుడు ఏమీ కాదు. మళ్ళీ ఎక్కేటప్పుడే అసలు దెబ్బ. విరిగిన తారు అంచును టైరు నేరుగా ఎక్కదు, పక్కభాగంతో ఒరుసుకుంటూ ఏటవాలుగా ఎక్కుతుంది. ఆ దెబ్బ రబ్బరు దగ్గర ఆగిపోదు. రిమ్ము మీదుగా చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్ముకు, దాని రబ్బరు బుష్‌లకు, బాల్ జాయింటుకు, చక్రాన్ని స్టీరింగుకు కలిపే టై రాడ్ ఎండుకు చేరుతుంది. అందుకే ఈ గట్ల మీద తిరిగే కారులో నేను మొదట అనుమానించేది ముందు ఎడమ చక్రాన్ని.

చక్రానికి చూడాల్సిన కోణాలు మూడు. కారును పైనుంచి చూసినట్టు ఊహించుకోండి. రెండు ముందు చక్రాలూ తిన్నగా ముందుకే చూస్తున్నాయా, ముందు వైపు దగ్గరకు చేరాయా, దూరమయ్యాయా అన్నది టో. కారుకు ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిలువుగా ఉందా, దాని పైభాగం లోపలికో బయటికో వాలిందా అన్నది క్యాంబర్. మూడోది క్యాస్టర్. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత పక్కనుంచి చూస్తే ఎంత వెనక్కి వాలి ఉందన్నది. మలుపు అయ్యాక స్టీరింగు తనంతట తాను మధ్యకు వచ్చేది ఎక్కువగా దీనివల్లే. ఇది రెండు పక్కలా సమానంగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది గానీ టైరును పెద్దగా తినదు. కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

టైర్లను తినేది ముఖ్యంగా టో. చిన్న లెక్క వేద్దాం. ఒక చక్రం నేరు దారి నుంచి డిగ్రీలో ఐదో వంతు పక్కకు తిరిగి ఉందనుకోండి. కంటికి ఆనదు. కానీ చక్రం వెళ్ళాలనుకునేది ఒక దారి, కారు దాన్ని లాక్కెళ్ళేది ఇంకో దారి. ప్రతి కిలోమీటరుకూ ఆ రబ్బరు రోడ్డు మీద మూడున్నర మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే ఆ ఈడ్పు 42 కిలోమీటర్లు. రావులపాలెం నుంచి అమలాపురం దాటేంత దూరం! ఆ ఈడ్పంతా భరించేది ఎంత చోటంటారా? వెయ్యి కిలోల కారులో ఒక్కో చక్రం మీద సుమారు 250 కిలోలు పడితే, గాలి 32 పీఎస్ఐ ఉంటే, రోడ్డును తాకే రబ్బరు దాదాపు 110 చదరపు సెంటీమీటర్లు మాత్రమే.

ఈ దోషాన్ని పట్టుకోవడానికి చెయ్యి చాలు. అరచేతిని టైరు మీద బయటి అంచు నుంచి లోపలికి, తర్వాత లోపలి నుంచి బయటికి రాయండి. పొలుసున్న చేపను తల నుంచి తోకకు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుకుగా తగులుతుంది కదా, టైరు కూడా అలా ఒక వైపు నున్నగా, ఎదురు వైపు పదునుగా తగిలితే టో తప్పినట్టే. బయటినుంచి లోపలికి నున్నగా, లోపలినుంచి బయటికి గరుకుగా ఉంటే చక్రాలు ముందు వైపు మరీ దగ్గరకు చేరాయని అర్థం. అప్పుడు బయటి అంచు ముందు అరుగుతుంది. దీనికి తిరగబడి ఉంటే చక్రాలు ముందు వైపు దూరమయ్యాయి, లోపలి అంచుకు మూడింది. బాగా అరిగిన టైరులో ఉక్కు తీగలు పొడుచుకొచ్చి ఉంటాయి, చెయ్యి జాగ్రత్త.

ఇక్కడే చాలామంది చూడని గుర్తు ఒకటుంది. టో తప్పితే ఆ భారాన్ని ముందు చక్రాలు రెండూ పంచుకుంటాయి. కారు తిన్నగా వెళ్ళేలా డ్రైవరు స్టీరింగును కొద్దిగా పక్కకు పట్టుకుంటాడు, దాంతో తప్పు రెండు పక్కలకూ సర్దుకుంటుంది. కాబట్టి రెండు ముందు టైర్లూ ఒకే తీరున అరిగితే టోను అనుమానించాలి. ఒక్క టైరే ఒక్క అంచున, గరుకు లేకుండా నున్నని వాలుగా అరిగితే ఆ చక్రం క్యాంబర్ మారింది. క్యాంబర్ దానంతట అది మారదు. ఏదో వంగి ఉండాలి, లేదా ఏదో వదులై ఉండాలి.

గాలి దోషం గుర్తించడం తేలిక. టైరు నడిమి పట్టీ ఒక్కటే అరిగితే గాలి ఎక్కువ. రెండు అంచులూ అరిగి మధ్య నిలిచి ఉంటే గాలి తక్కువ. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసి ఉంటుంది, నిండు బరువుకు వేరే అంకె కూడా ఉంటుంది. పంక్చరు షాపులో "ఎంత కొట్టమంటారు?" అంటే "అందరికీ కొట్టినంతే" అనేవాళ్ళు ఆ స్టిక్కరును ఒక్కసారి చదివితే బాగుంటుంది. రేడియల్ టైరు పక్కలు గాలి సరిగ్గా ఉన్నా కొంచెం ఉబ్బే కనిపిస్తాయి కాబట్టి కంటి అంచనా పనికిరాదు. బండి తిరగకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి.

ఇంకో తీరు ఉంది. టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలు పడినట్టు అరుగుతుంది. షాక్ అబ్జార్బరు పట్టు పోయి చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోందని దాని అర్థం. కొన్నిసార్లు బ్యాలెన్సింగ్ లోపం కూడా కారణమవుతుంది. ఇలాంటి టైరు వేగం పెరిగేకొద్దీ గుమ్మని మోగుతుంది. అది విని బేరింగు మార్పించినవాళ్ళు ఉన్నారు. తేడా పట్టడం కష్టం కాదు. కొత్త తారు మీదికి, సిమెంటు రోడ్డు మీదికి వెళ్ళినప్పుడు మోత మారితే అది టైరుది. పొడవాటి మలుపులో బరువు ఒక పక్కకు పడినప్పుడు మోత పెరిగినా తగ్గినా బేరింగును చూడాలి.

బండి ఎడమకు లాగుతోందన్న ఫిర్యాదులో సగం రోడ్డుది కావచ్చు. వాన నీరు జారిపోవడానికి తారు రోడ్డును నడిమి నుంచి అంచులకు వందకు రెండు, రెండున్నర వాలుతో వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఏ కారైనా కాస్త ఎడమకు జారుతుంది. ఖాళీగా, చదునుగా ఉన్న చోట పరీక్షించాలి. అక్కడా లాగితే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి చూడండి. లాగే వైపు మారితే దోషం టైరులోనే ఉంది, కోణాల్లో కాదు. తిరిగే దిశను సూచించే బాణం గుర్తున్న టైర్లను మాత్రం ఇలా మార్చకూడదు.

ఇక షాపుకు వెళ్దాం. ఆత్రేయపురంవాళ్ళకు దగ్గర్లో రావులపాలెం, కొంచెం అవతల రాజమహేంద్రవరం. నాలుగు చక్రాలకూ పలకలు బిగిస్తారు, ఎదురుగా కెమెరాలు వాటిని చూసి కోణాలు లెక్కగడతాయి, తెర మీద అంకెలు ఎర్రగానో పచ్చగానో కనిపిస్తాయి. మెషీను గొప్పదే. కానీ అది కొలుస్తుంది, బాగుచేయదు. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి మార్చడానికి వీలుండేది ముందు చక్రాల టో ఒక్కటే. క్యాంబర్‌కు సర్దుబాటు ఉండదు. వెనక ఒకే ఇనుప దూలంతో కలిపిన చక్రాలకు టో కూడా మార్చలేరు. అంటే లోయర్ ఆర్ము వంగి ఎడమ క్యాంబర్ ఎర్రగా ఉన్న కారుకు టో మాత్రం పచ్చగా చేసి, "అయిపోయిందండీ" అని తాళాలు ఇచ్చేయడం సాధ్యమే. టైరు మళ్ళీ అరుగుతుంది.

కాబట్టి వరస మార్చాలి. మొదట గాలి నాలుగింటికీ సరిచేయించండి. తర్వాత బండిని ఎత్తి ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమనండి. కదిలితే బాల్ జాయింటో బేరింగో వదులైంది. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండు సంగతి తెలుస్తుంది. బుష్‌ల రబ్బరు చీలిందేమో లైటు వేసి చూడమనండి. ఈ పరీక్ష ఇంట్లో చేయాలనిపిస్తే సిమెంటు నేల మీద చేయండి. గట్టు మట్టి మీద జాకీ దిగబడితే కారు మీదికే వస్తుంది. వదులు జాయింటు ఉంచుకుని అలైన్‌మెంట్ చేయిస్తే షాపులో కుదిరిన కోణం మొదటి గుంత దగ్గరే మారిపోతుంది. అన్నీ బాగున్నాకే మెషీను. అదయ్యాక ముందటి అంకెలు, తరువాతి అంకెలు రెండూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఇంకో షాపు చూసుకోండి.

ఇదంతా ఖర్చు గోల మాత్రమే అయితే ఇంత చెప్పనక్కర్లేదు, ఇది భద్రత సంగతి కూడా. కార్ల టైర్లకు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న రబ్బరు కట్టలు ఆ ఎత్తుకే పోసి ఉంటాయి. గాడుల పని నీటిని బయటికి తోయడం. నీటి లోతు గాడి లోతును మించితే, ఒక వేగం దాటాక టైరు రోడ్డును వదిలి నీటి మీద తేలుతుంది. విమాన చక్రాల మీద అమెరికా సంస్థ నాసా 1960ల్లో చేసిన పరిశోధనలో ఆ వేగం గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని తేలింది. ఆ లెక్కన 32 పీఎస్ఐ దగ్గర అది గంటకు సుమారు 94 కిలోమీటర్లు, 20 పీఎస్ఐ దగ్గర 75. కాలువ గట్టు మీద ఆ వేగాలు ఎవరూ వెళ్ళరు. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కాక అందరూ వెళ్ళేది ఆ వేగంలోనే.

వానలు పడకముందే ఒక పని చేయండి. స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి, దిగి వచ్చి, ముందు టైరు లోపలి అంచు చూడండి. అంకెలు సరిగ్గా అంచు నుంచే మొదలయ్యే స్కేలుతో లోపల, మధ్యన, బయట మూడు చోట్లా లోతు కొలిచి రాసుకోండి. తర్వాత రెండో పక్కకు తిప్పి ఇంకో టైరు చూడండి. మూడు అంకెలూ దగ్గరగా ఉంటే మంచిదే. లోపలిది రెండు మిల్లీమీటర్లకు దిగితే కొత్త టైరు కొనేముందు కారణం వెతికించండి. అప్పటిదాకా వాడపల్లి ఆటోలో వెళ్ళొచ్చు.