జీవన్ముక్తుని వ్యసనం

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసే ఆసుపత్రిలో ఒక ధ్యానగురువు చేరారు. (గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను.) కాలు విరిగితే శస్త్రచికిత్స జరిగింది. మూడవ రోజు రాత్రి ఆయన గోడకేసి చూస్తూ ఎవరితోనో మాట్లాడసాగారు. చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చెమట, నాడి నిమిషానికి 130. పక్కనున్న శిష్యురాలు చేతులు జోడించి, "డాక్టర్ గారూ, స్వామివారు సమాధిలో ఉన్నారు, దయచేసి కదపకండి" అన్నది.

అది సమాధి కాదు. రోజూ తాగే మనిషికి మద్యం హఠాత్తుగా ఆగిపోతే రెండు మూడు రోజులకు వచ్చే డెలీరియమ్ ట్రెమెన్స్. వైద్యం ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు మద్యం అలవాటుందా అన్న ప్రశ్నకు లేదని శిష్యులే రాయించారు. అబద్ధమాడుతున్నామని వాళ్ళు అనుకోలేదు. "పుచ్చుకుంటారు గానీ, ఆయనకు అంటదండీ" అన్నారు తర్వాత.

అంటదా? జ్ఞానికి వ్యసనం ఉండవచ్చునా, ఉంటే అతడు జ్ఞానియేనా అన్న పాత ప్రశ్న ఆ రాత్రి నుంచి నాకు కేవలం తాత్త్విక విషయంగా మిగలలేదు.

ముందు శరీరం సంగతి. మద్యం మెదడులో గాబా అనే నిరోధక రసాయనం పనిని పెంచుతుంది, గ్లుటమేట్ అనే ఉత్తేజక రసాయనం పనిని తగ్గిస్తుంది. ఏళ్ళ తరబడి తాగితే మెదడు దానికి అనుగుణంగా తనను సర్దుకుంటుంది. మద్యం ఆగిన మరుక్షణం ఆ సర్దుబాటు ఎదురుతిరుగుతుంది. ఈ మార్పు తాగేవాడి తత్త్వజ్ఞానాన్ని అడిగి జరగదు. బ్రహ్మవేత్త కాలేయమైనా, పామరుడి కాలేయమైనా మద్యాన్ని విరిచేది ఒకే ఎంజైములతో.

అయితే శారీరకమైన ఆధారపడటం వేరు, వ్యసనం వేరు. కాన్సరు నొప్పికి వైద్యుడు రాసిన మార్ఫిన్ నెలల తరబడి వాడిన రోగికి మందు ఆపితే ఒళ్ళు తల్లడిల్లుతుంది, అతడిని వ్యసనపరుడనము. అమెరికన్ మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎమ్-5 ఇందుకు 11 లక్షణాలు చెబుతుంది. వాటిలో రెండే శరీరానికి సంబంధించినవి: మోతాదు పెంచవలసి రావడం, ఆపితే బాధపడటం. వైద్యుడు చెప్పినట్టు వాడే మార్ఫిన్ వంటి మందుల విషయంలో ఆ రెంటినీ లెక్కలోకి తీసుకోకూడదని కూడా చెబుతుంది. తక్కినవి అదుపు తప్పడం, తపన, బాధ్యతలు విడిచిపెట్టడం, హాని జరుగుతున్నా మానలేకపోవడం వంటివి.

ఈ భేదం చేతిలో ఉంటే కొన్ని ఉదాహరణలు తేలిక అవుతాయి. బొంబాయిలో బీడీల దుకాణం నడిపిన నిసర్గదత్త మహరాజ్ తానూ బీడీలు కాల్చారు. 1981లో గొంతు కాన్సరుతో మరణించారు. ఎవరైనా అడిగితే అది దేహానికి పట్టిన అలవాటు, దేహంతోనే పోతుందన్న ధోరణిలో జవాబిచ్చేవారు. రామకృష్ణ పరమహంస హుక్కా పీల్చేవారు. 1886లో ఆయన్ను తీసుకుపోయిందీ గొంతు కాన్సరే. వైద్యుడిగా ఆ పొగాకు నాకు నచ్చదు. కానీ దానివల్ల ఆ ఇద్దరి శిష్యులు మోసపోయారని చెప్పలేను.

చోగ్యమ్ త్రుంగ్పా విషయం అంత తేలిక కాదు. టిబెట్ నుంచి వచ్చిన ఈ లామా 1970లో అమెరికా చేరి, 1974లో కొలరాడోలోని బౌల్డర్‌లో నరోపా విద్యాసంస్థను స్థాపించారు. బౌద్ధాన్ని ఇంగ్లీషులో అంత సూటిగా చెప్పినవారు ఆ కాలంలో తక్కువ. తాగుడు దాచుకోలేదు, శిష్యుల ఎదుటే తాగేవారు, సేవలో ఉన్న శిష్యులే గ్లాసు నింపేవారు. కల్లు దుకాణంలో కూర్చుని, డబ్బు కట్టకుండా సూర్యుణ్ణి ఆకాశంలో నిలిపివేసిన సిద్ధుడు విరూపుని కథ ఉండనే ఉంది. గురువు తాగుడు కూడా ఉన్మత్త జ్ఞానమే, బోధనలో భాగమే అని సమర్థించుకున్నారు. 1987లో, యాభై నిండకుండానే, మద్యం వల్ల చెడిన ఆరోగ్యంతో ఆయన పోయారు.

మరొకరు లాస్ ఏంజిలస్ జెన్ కేంద్రం స్థాపకులు తైజాన్ మయెజుమి. మూడు జెన్ పరంపరల నుంచి గురుత్వాన్ని అందుకున్న మనిషి. 1983లో తాను మద్యానికి బానిసనని అందరి ముందు ఒప్పుకుని చికిత్సాలయంలో చేరారు. తామూ ఇన్నాళ్ళూ ఆ తాగుడుకు తోడ్పడ్డామని శిష్యులు కొందరు తెలుసుకున్నారు. కథ అక్కడ సుఖాంతం కాలేదు: 1995లో జపాన్‌లో, తాగిన రాత్రి, స్నానపు తొట్టెలో మునిగి మరణించారు. ఈ జబ్బు ఎంత మొండిదో తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. అయినా నా దృష్టిలో మయెజుమి ఒప్పుకోలు పెద్దది. తాగేవాడు "నాకేం పట్టలేదు, కావాలంటే రేపే మానేస్తాను" అనడం మా వృత్తిలో రోజూ వినే మాట. "ఇది నాకు అంటదు" అన్న జ్ఞాని మాటకూ దానికీ వినికిడిలో తేడా ఉండదు. వ్యసనం ముందుగా తినేది తన స్థితిని తాను చూసుకునే శక్తినే. అందుచేత ఈ విషయంలో గురువు స్వీయసాక్ష్యం పనికిరాదు.

మన శాస్త్రాలు దీని గురించి మనకంటే నిక్కచ్చిగా ఆలోచించాయి. వదిలిన బాణం వేగం తగ్గేదాకా పోయినట్టు జ్ఞానం కలిగాక కూడా ప్రారబ్ధం దేహాన్ని నడుపుతుందని శంకరులు చెప్పారు. శిష్యులు సాధారణంగా అక్కడే ఆగుతారు. పధ్నాలుగవ శతాబ్దంలో విద్యారణ్యులు 'జీవన్ముక్తి వివేకం'లో మరో అడుగు వేశారు: తత్త్వజ్ఞానం ఒక్కటే చాలదు, వాసనాక్షయం, మనోనాశం కూడా కావాలి. అందుకు ఆయన ఉదాహరణగా తీసుకున్నది సాక్షాత్తు యాజ్ఞవల్క్యుణ్ణి! జనకుని సభలో గెలవాలన్న పట్టుదల, శాకల్యునిపై చూపిన కోపం చూపించి, ఆయనకు జ్ఞానం ఉన్నా చిత్తశాంతి లేదన్నారు. పాళీ వినయపిటకంలో స్వాగతుడనే భిక్షువు కథ ఇంకా సూటి. భయంకరమైన నాగాన్ని తన సిద్ధితో లొంగదీసిన ఆ భిక్షువుకు కౌశాంబి ప్రజలు ఇంటింటా మద్యం పోశారు. నగరద్వారం దగ్గర పడిపోయాడు. ఇప్పుడితడు నీటిపామునైనా లొంగదీయగలడా అని బుద్ధుడు అడిగి, మద్యాన్ని నిషేధిస్తూ నియమం పెట్టాడు. పోసినవాళ్ళు ఆయనను ఆరాధించినవాళ్ళే.

కాబట్టి ఒక మనిషికి నిజమైన దర్శనం కలిగి ఉండి, అదే మనిషి వ్యసనపరుడు కావచ్చునని నేను ఒప్పుకుంటాను. వ్యసనం ఉన్నంతకాలం అతడు జీవన్ముక్తుడని మాత్రం ఒప్పుకోను. విద్యారణ్యుల కొలత ప్రకారం అది సగంలో ఆగిన పని. తెలుగు మాధ్యమంలో చదివిన రోజుల్లో సప్తవ్యసనాల జాబితా కంఠస్థం చేశాం: వెలది, జూదం, పానం, వేట, పరుషమైన మాట, కఠినమైన దండన, ధనం వృథా చేయడం. అవి రాజులకు చెప్పినవని చాలా ఆలస్యంగా తట్టింది. రాజు మనసులో ఏముందో కాదు, అతడి వ్యసనం మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్నదే అక్కడ లెక్క.

ఆ రాత్రి లోరాజెపామ్, థయమిన్ ఇచ్చి ఐసీయూకు మార్చాం. సమాధిని భంగపరిచామని శిష్యురాలు ఏడ్చింది. ఐదవ రోజుకు ఆయన తేరుకున్నారు. గదిలో ఎవరూ లేనప్పుడు నన్ను దగ్గరకు పిలిచి, మెల్లగా అన్నారు: "డాక్టర్ గారూ, నేను చెబితే పరీక్ష పెడుతున్నాననుకుంటారు. నా సంచిలో సీసా పెట్టవద్దని వాళ్ళకు మీరే చెప్పండి."