విరిగిన కత్తికి అతుకు వద్దు

దమ్ము చేస్తుండగా రోటావేటరు టక్కుమంటుంది. ఏ రాయో, మొద్దో తగిలి కత్తి విరిగిందన్నమాట. అయినా కిరాయి పోతుందని ఆ మడి అలాగే లాగించేసి, సాయంత్రం ముక్క పట్టుకుని వెల్డింగు షాపుకు వెళ్లే డ్రైవర్లే ఎక్కువ.

ఆ అతుకు నిలవదు. ఈ కత్తులు కాల్చి, చల్లార్చి గట్టిపరచిన ఉక్కువి. వెల్డింగు వేడికి ఆ గట్టిదనం పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. నిమిషానికి 200 చుట్ల దాకా తిరిగే ఇరుసు నుంచి ఊడిన ముక్క ఎటు ఎగురుతుందో ఎవరు చెప్పగలరు? పోనీ ఆ కత్తి లేకుండానే నడిపితే తూకం తప్పి ఇరుసు అదురుతుంది, బేరింగులు పోతాయి. ఆ ఖర్చు ముందు కొత్త కత్తి ధర ఏపాటిది?

మార్చేటప్పుడు పీటీవో తీసి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. హైడ్రాలిక్‌ను నమ్ముకుని రోటావేటరు కిందకు దూరరాదు. గట్టి దిమ్మలు పెట్టాలి. కత్తుల్లో కుడివి వేరు, ఎడమవి వేరు. కొట్టుకు పాత కత్తినే పట్టుకెళితే పొరపాటు రాదు. సాగిన పాత బోల్టు మళ్లీ వేయకుండా నట్టు, వాషరుతో సహా కొత్తది బిగించాలి. గంట నడిపాక మరోసారి స్పానరు వేసి చూడాలి.

విరిగిన ముక్కను మాత్రం ఎవరూ వెతకరు. అది బురదలోనే ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో నాట్లు వేసే ఆడవాళ్లు ఆ మడిలోకే వట్టి కాళ్లతో దిగుతారు. దొరక్కపోతే కనీసం అక్కడొక కర్ర పాతి, ముఠా మేస్త్రీకి ముందే చెప్పాలి.